మాల తీసిన మర్నాడు ఏం చేయాలి?

పాఠకుల సందేహాలకు ఊపిరితిత్తుల వైద్యుని సమాధానాలు

పొగ మానడం గురించి విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాను. ఎలా మానాలని అడిగినవారికన్నా, మానేసి మళ్ళీ మొదలుపెట్టి ఇప్పుడేం చేయాలని అడిగినవారే ఎక్కువ.

ప్రశ్న: నా వయసు 43. విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణం నడుపుతున్నాను. రోజుకు పదిహేను సిగరెట్ల దాకా కాలుస్తాను. ఏటా భవానీ మాల వేసుకుంటాను. దీక్షలో ఉన్న 41 రోజులూ సిగరెట్ ముట్టను. మొదటి వారం తర్వాత పెద్ద ఇబ్బంది కూడా ఉండదు. ఇంద్రకీలాద్రి మీద ఇరుముడి సమర్పించి మాల తీశాక వారం తిరగకుండానే మళ్ళీ మొదలవుతుంది. 41 రోజులు ఆగగలిగిన నేను శాశ్వతంగా ఎందుకు మానలేకపోతున్నాను? నాకు మనోబలం తక్కువనుకోవాలా?

జవాబు: మనోబలం తక్కువైనవారు ఏటేటా 41 రోజులు ఆగలేరు కాబట్టి ఆ అనుమానం పెట్టుకోకండి. పొగ పీల్చిన పది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. సుమారు రెండు గంటల్లో రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. అందుకే రోజంతా విడవకుండా ఒకదాని తర్వాత ఒకటి వెలిగించాల్సి వస్తుంది. మానేసిన కొద్ది గంటలకే మొదలయ్యే చిరాకు, అశాంతి, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం వంటివి రెండో మూడో రోజున బాగా ముదిరి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతాయి. అంటే మీరు మాల తీసే నాటికి మీ శరీరం నికోటిన్‌ను అడగడం దాదాపు మానేసి ఉంటుంది. అందరూ భయపడే భాగాన్ని మీరు ఏటా దాటుతున్నారు. ఎవరూ పట్టించుకోని భాగం దగ్గర పడిపోతున్నారు.

దీక్షలో మీ చుట్టూ ఏమేం మారుతున్నాయో ఒకసారి గమనించండి. తెల్లవారుజామునే లేచి స్నానం చేసి పూజకు కూర్చుంటారు. ఒంటి మీద ఎర్రబట్టలుంటాయి, పిలిచేవారంతా ‘భవానీ’ అనే పిలుస్తారు. రోజూ మీకు పెట్టె చాపే స్నేహితుడే మిమ్మల్ని చూడగానే తన చేతిలోని సిగరెట్‌ను వెనక్కి దాచుకుంటాడు. ఇన్ని అండలు మాల తీసిన రోజున ఒక్కసారిగా తొలగిపోతాయి, కిళ్ళీ కొట్టు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. అక్కడ దారానికి వేలాడే లైటరూ, మీ పేరుతో ఉన్న ఖాతా పుస్తకమూ, బేరం కుదిరాక తాగే టీ, లారీ డ్రైవర్లతో కబుర్లూ అన్నీ యథాతథంగా ఉంటాయి. ఏళ్ళ తరబడి వీటన్నిటినీ నికోటిన్‌తో ముడివేసుకున్న మెదడు 41 రోజుల్లో ఆ ముడి విప్పుకోదు. పైగా దీక్షకు ఒక ఆఖరి రోజు ఉంది. ఆ రోజు కోసం ఎదురుచూస్తూ ఆగడం వేరు, ఇక కాల్చనని నిర్ణయించుకోవడం వేరు. మాల తీశాక కాల్చకూడదని ఇంతవరకు మీరు ఎన్నడైనా నిర్ణయించుకున్నారా అన్నది మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న.

అందువల్ల ఈసారి మానేసే తేదీగా దీక్ష మొదటి రోజునే పెట్టుకోండి, కానీ ఏర్పాట్లన్నీ నలభై రెండో రోజు కోసం చేసుకోండి. మాల వేసుకునే ముందే కిళ్ళీ కొట్టులో బాకీ తీర్చి ఖాతా మూయించండి. అరువు దొరికితే చేయి వెళ్ళేంత సులువుగా, జేబులోంచి డబ్బు తీసి విడిగా ఒకటి కొనాల్సి వస్తే వెళ్ళదు. మాల తీశాక కనీసం రెండు నెలలు టీని మీ దుకాణానికే తెప్పించుకుని తాగండి. మీకు పెట్టె చాపే ఇద్దరు ముగ్గురితో, ‘దీక్ష అయిపోయినా నాకు సిగరెట్ ఇవ్వవద్దు’ అని ముందే ఖరాఖండిగా చెప్పండి. కాల్చాలన్న కోరిక ఎంత బలంగా వచ్చినా, కాల్చినా కాల్చకపోయినా కొద్ది నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది. ఆ కాసేపు దుకాణం దాటి నాలుగడుగులు వేసి రండి.

టీ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయాన్ని ప్రేరేపించి కెఫీన్‌ను త్వరగా కరిగిస్తాయి. పొగ మానేశాక ఆ వేగం తగ్గుతుంది కాబట్టి, ఎప్పుడూ తాగే నాలుగు కప్పుల టీ దాదాపు ఎనిమిది కప్పుల పని చేస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తే ‘సిగరెట్ మానడం నాకు పడలేదు’ అనుకుంటారు. పడనిది టీ అయి ఉండవచ్చు. టీని సగానికి తగ్గించి చూడండి.

ఇక మందుల గురించి. ఎవరి సాయమూ లేకుండా ఒక్క పట్టుదలతో మానినవారిలో ఏడాది గడిచేసరికి మానినట్టే ఉండేవారు నూటికి నలుగురైదుగురికి మించరు. మందు, వైద్యుని సలహా తోడైతే ఆ అవకాశం రెండు మూడింతలవుతుంది. వరెనిక్లిన్ అనే మాత్రను మానే తేదీకి ఒక వారం ముందు చిన్న మోతాదుతో మొదలుపెట్టి, మొత్తం పన్నెండు వారాలు వాడతారు. దీక్షకు వారం ముందు మొదలుపెడితే, మాల తీసిన తర్వాత ఇంకా ఐదు వారాలు మందు అండ మీకుంటుంది. మీరు ఏటా జారిపోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే కాబట్టి మీకిది బాగా సరిపోతుందని నా అభిప్రాయం. ఈ మాత్రతో కొందరికి వికారం, వింత కలలు వస్తాయి. భోజనం తర్వాత గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. దీక్షలో ఒంటిపూట భోజనమైతే ఆ రోజు రెండో మాత్రను రాత్రి ఫలహారం తర్వాత వేసుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మోతాదు మార్చాలి కాబట్టి వైద్యుని చీటీ లేకుండా వాడవద్దు. మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ, విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఛాతీ విభాగంలో గానీ చూపించుకోవచ్చు.

ప్రశ్న: మావారికి 54 ఏళ్ళు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. నిరుడు గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. సిగరెట్ మానేశానని అంటారు గానీ బయటి నుంచి రాగానే సోంపు నములుతూ లోపలికొస్తారు. మొన్న స్కూటర్ డిక్కీలో సగం ఖాళీ అయిన పెట్టె కనిపించింది. అడిగితే పెద్ద గొడవైంది. నేనేం చేయాలి డాక్టరు గారూ?

జవాబు: అమ్మా, మీ ఆందోళన సమంజసమే. గుండెజబ్బు వచ్చాక పొగ మానినవారిలో మరణ ముప్పు, మానని వారితో పోలిస్తే సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఇది మంచి మందులు ఇచ్చే మేలుకు ఏమాత్రం తీసిపోదు. అయితే చొక్కా వాసన చూడడం, డిక్కీ వెతకడం వల్ల ఆయన దాచడం నేర్చుకుంటారే గానీ మానడం నేర్చుకోరు. సిగ్గుతో దాస్తున్నారంటే మానాలన్న కోరిక ఆయనలో ఉన్నట్టే లెక్క. గొడవ చల్లారాక ఒక పూట నిమ్మళంగా, ‘మానేయడంలో మీకు ఎక్కడ కష్టంగా ఉంది?’ అని మాత్రం అడగండి, అడిగి ఊరుకోండి. చాలామంది భర్తలను ఈ మాట ఇంట్లో ఎవరూ అడిగి ఉండరు.

స్టెంటు ఉన్నవారు, సిగరెట్‌కు బదులుగా ఇచ్చే నికోటిన్ బిళ్ళలు (నమిలే గమ్), ఒంటికి అంటించుకునే ప్యాచీలు వాడకూడదన్న భయం మనవాళ్ళలో బాగా ఉంది. గుండె పరిస్థితి నిలకడగా ఉన్నవారికి, కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా వెంట తెచ్చే సిగరెట్ కన్నా నికోటిన్ ప్యాచీ ఎంతో నయం. ఆయనను చూసే గుండె వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టవచ్చు. మీకు దొరికిన ఆ పెట్టె మీదే 1800-11-2356 అనే నంబరు అచ్చయి ఉంటుంది. అది పొగాకు మానాలనుకునేవారి కోసం ప్రభుత్వం ఉచితంగా నడిపే జాతీయ సహాయ కేంద్రం, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ ఫోను ఆయనే చేయాలి, మీరు పక్కన కూర్చుంటే చాలు.

ప్రశ్న: నికోటిన్ చూయింగ్ గమ్ కొని పది రోజులు వాడాను. గొంతు మంట, ఎక్కిళ్ళు తప్ప ప్రయోజనం లేదు. అయినా నికోటిన్ మానడానికి నికోటిన్ తీసుకోవడమేమిటి? (విజయవాడ గవర్నరుపేట పాఠకుడు)

జవాబు: మీరు దాన్ని మామూలు గమ్ లాగా నమిలి ఉంటారు. ఈ బిళ్ళను నెమ్మదిగా నాలుగైదుసార్లు కొరికి, నోట్లో కారంగా, చురుక్కుమన్నట్టు అనిపించగానే నమలడం ఆపి, చిగురుకూ బుగ్గకూ మధ్య ఉంచాలి. ఆ చురుకు తగ్గాక మళ్ళీ కాస్త నమిలి రెండో వైపు పెట్టుకోవాలి. ఇలా అరగంట సాగాలి. నికోటిన్ నోటి పొర గుండా రక్తంలోకి వెళ్ళాలి గానీ లాలాజలంతో కడుపులోకి పోకూడదు. పోతే మిగిలేవి ఎక్కిళ్ళూ గొంతు మంటే. బిళ్ళ వేసుకోవడానికి పావుగంట ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, నిమ్మసోడా, కూల్‌డ్రింకు తాగకండి. వాటి వల్ల నోరు పుల్లబడి నికోటిన్ లోపలికి ఇంకదు.

మోతాదు చాలకపోవడం రెండో కారణం. నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించేవారికి 2 మిల్లీగ్రాముల బిళ్ళ సాధారణంగా చాలదు, 4 మిల్లీగ్రాములది కావాలి. దానికి వైద్యుని చీటీ అవసరం. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వాడి, ఆ తర్వాత మరో ఆరు వారాల్లో క్రమంగా తగ్గించుకోవాలి. రోజుకు మూడు బిళ్ళలు నమిలి పని చేయలేదనేవారే నాకు ఎక్కువగా కనిపిస్తారు. ఒంటికి అంటించుకునే ప్యాచీ రోజంతా కొంత నికోటిన్ అందిస్తుంటే, కోరిక ఉబికినప్పుడు పైన ఒక గమ్ వేసుకోవడం ఏ ఒక్కదాని కన్నా మెరుగైన పద్ధతి.

మీ రెండో సందేహానికి జవాబు చిన్నదే. వ్యసనానికి కారణం నికోటిన్. క్యాన్సరుకూ ఊపిరితిత్తుల జబ్బుకూ ప్రధాన కారణం పొగలోని తారు, ఇతర విషాలు. బిళ్ళలో పొగ లేదు. దాని మోతాదు నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి అది వ్యసనంగా మారే అవకాశం కూడా బాగా తక్కువ.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్ళు. నలభై ఏళ్ళుగా చుట్ట కాలుస్తున్నారు. ఇప్పుడు గుంటూరు కొత్తపేటలో మా దగ్గరే ఉంటున్నారు. మెట్లెక్కితే ఆయాసం. ‘మన పొలంలో పండిన ఆకు, కల్తీ లేదు, పొగ లోపలికి పీల్చను కూడా. ఈ వయసులో మానేసి ఏం బావుకుంటాను?’ అంటారు.

జవాబు: పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమున్న ఊరు మనది. ఆకు నాణ్యత గురించి ఇక్కడి పెద్దలతో వాదించి గెలవడం నా తరం కాదు. కానీ ఎంత మంచి ఆకైనా కాలినప్పుడు తారూ, కార్బన్ మోనాక్సైడూ పుట్టక మానవు. చుట్ట పొగ గుణం వల్ల అందులోని నికోటిన్ లోపలికి పీల్చకపోయినా నోటి పొర గుండానే రక్తంలోకి చేరుతుంది. పైగా నోటి క్యాన్సరుకు పొగ ఊపిరితిత్తుల దాకా వెళ్ళనక్కరలేదు.

వయసు గురించి ఆయనకు ఒక లెక్క చెప్పండి. బ్రిటన్‌లో వేలమంది వైద్యులను యాభై ఏళ్ళపాటు గమనించి 2004లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ముప్పయ్యో ఏట పొగ మానినవారికి సుమారు పదేళ్ళు, యాభయ్యో ఏట మానినవారికి ఆరేళ్ళు, అరవయ్యో ఏట మానినవారికి మూడేళ్ళు ఆయుష్షు కలిసివచ్చింది. పోయిన ఊపిరితిత్తుల శక్తి పూర్తిగా తిరిగి రాదు. కానీ అది హరించుకుపోయే వేగం తగ్గుతుంది. మరో ఐదేళ్ళకు ఆయన మెట్లెక్కుతారా, మంచం దగ్గర ఆక్సిజన్ పెట్టుకుంటారా అన్నది చాలావరకు ఇప్పుడు మానడం మీదే ఆధారపడి ఉంటుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మానేసిన మొదటి కొన్ని వారాల్లో దగ్గు, కఫం పెరిగినట్టు అనిపించవచ్చు. శ్వాసనాళాలను శుభ్రం చేసే సన్నని నూగు మళ్ళీ పని మొదలుపెట్టడం వల్ల అలా జరుగుతుంది; చుట్టే నయమనుకుని మళ్ళీ వెలిగించకూడదు. కఫంలో రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించాలి. ఇక ఆయాసానికి ఆయన థియోఫిలిన్ ఉన్న మాత్రలు వాడుతూ ఉంటే, పొగ మానిన సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. పైన టీ విషయంలో చెప్పిన కారణమే దీనికీ వర్తిస్తుంది: పొగ ఆగాక అదే మోతాదు ఎక్కువై వాంతులు, గుండె దడ రావచ్చు.

ప్రశ్న: సిగరెట్ మానడానికి ఈ-సిగరెట్ వాడవచ్చా? (ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ)

జవాబు: మన దేశంలో 2019 నుంచి వాటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ చట్టరీత్యా నిషేధం. కొన్ని దేశాల్లో వాటిని మానే సాధనంగా వాడుతున్న మాట నిజమే, కానీ ఇక్కడ చాటుగా దొరికే సరుకులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. గమ్, ప్యాచీ ఉండగా మీకు దానితో పని లేదు.

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం మానేశాను. పోయిన వారం బంధువుల పెళ్ళిలో రెండు సిగరెట్లు కాల్చాను. అంతా పోయినట్టేనా? (పటమట పాఠకుడు)

జవాబు: పోలేదు. రెండు సిగరెట్లతో ఎనిమిది నెలల మేలు తుడిచిపెట్టుకుపోదు. ప్రమాదమంతా ‘ఎలాగూ పోయింది కదా’ అన్న మాటలో ఉంది. ఆ మాట అనుకున్నవారే నెల తిరిగేలోగా పాత లెక్కకు వస్తారు. ‘అప్పుడప్పుడు ఒకటి కాల్చినా అదుపులో ఉంటాను’ అన్న నమ్మకం కూడా పెట్టుకోకండి, మానినవారిలో ఎక్కువమందికి అది సాధ్యం కాలేదు. జేబులో మిగిలినవి ఉంటే ఈ రోజే పారేయండి. ఆ పెళ్ళిలో చేయి ఎందుకు వెళ్ళిందో, మందు పార్టీయా, పాత స్నేహితులా, ఎవరితోనైనా మాట పట్టింపా, కచ్చితంగా గుర్తు చేసుకుని రాసిపెట్టుకోండి. మద్యమే కారణమైతే వచ్చే రెండు మూడు నెలలు దానికీ దూరంగా ఉండాలి. కోరిక మళ్ళీ తరచుగా వస్తుంటే కొన్ని వారాలు నికోటిన్ గమ్ దగ్గర పెట్టుకోవడంలో తప్పు లేదు. ఈ సీజన్‌లో ఇంకా పెళ్ళిళ్ళు ఉంటాయి కాబట్టి, వెళ్ళే ముందే జేబులో రెండు బిళ్ళలు వేసుకుని, భోజనాలయ్యాక పందిరి వెనక్కి వెళ్ళే గుంపుతో కలవకుండా నేరుగా ఇంటికి బయలుదేరండి.