కడుపు మాడ్చుకుని దానం చేస్తున్న మూడో తరగతి పాప

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. నేను పుట్టుకతో కతోలిక క్రైస్తవురాలిని. మా వారు హిందువు, ఆటో నడుపుతారు. రాత్రివేళ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే డబ్బు అడగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లే మనిషే గానీ, కోపం ఎక్కువ. మా పాప సిస్టర్లు నడిపే ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. తపస్సు కాలం (ఈస్టర్ పండుగకు ముందు వచ్చే నలభై రోజులు) మొదలవగానే పేదల కోసం డబ్బు కూడబెట్టమని పిల్లలకు తలా ఒక అట్ట డబ్బా ఇచ్చారు. ప్రతి శుక్రవారం ప్రార్థన సమయంలో ఏ తరగతి ఎంత తెచ్చిందో చదువుతున్నారు. పాప చిరుతిండికి ఇచ్చిన డబ్బులు అందులో వేస్తోంది, శుక్రవారాల్లో అన్నం డబ్బా ముట్టకుండా తిరిగి తెస్తోంది. పోయిన వారం వాళ్ల నాన్న జేబులోంచి 50 రూపాయల నోటు తీసి వేసింది. ఆయన కొట్టారు, బడి మాన్పిస్తానంటున్నారు. నిరుడు ఆయనకు కాలు విరిగినప్పటి నుంచి మా విచారణలోని (మా గుడి పరిధిలోని) విన్సెంట్ డి పాల్ సభ వారు, అంటే పేదలకు సాయం చేసే కతోలిక సంఘం వారు, మాకు నెలనెలా బియ్యం ఇస్తున్నారు. ‘మీరు తినే బియ్యం మా డబ్బాల్లోవే’ అని తోటి పిల్ల అన్నదట. ఇప్పుడు ఆయన మళ్లీ ఆటో తీస్తున్నారు. ఆ బియ్యం వద్దనాలా? పాపను ఆపితే దేవుని పనికి అడ్డుపడినట్టవుతుందా? త్వరలో ప్రథమ దివ్యసత్ప్రసాదం (పూజలో దివ్య అప్పాన్ని మొదటిసారి స్వీకరించడం) ఉంది, దానికి ముందు చేసే పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడం) అంటేనే పాప వణికిపోతోంది.

సమాధానం: అమ్మా, ముందుగా మీ భయానికి జవాబు చెబుతాను. పాపను ఆపడం దేవుని పనికి అడ్డుపడటం కాదు. ఎనిమిదేళ్ల పిల్ల అన్నం మానాలని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, కోరదు. 1983లో వెలువడిన శ్రీసభ చట్టం ప్రకారం మాంసం మానే నియమం 14 ఏళ్లు నిండినవారికి వర్తిస్తుంది, ఉపవాస నియమం 18 ఏళ్లు నిండిన తరువాతనే మొదలవుతుంది. అంతకన్నా చిన్నవారికి తపస్సు అంటే ఏమిటో సరిగా నేర్పే బాధ్యతను ఆ చట్టమే గురువులకూ (గుడి ఫాదర్లకూ) తల్లిదండ్రులకూ అప్పగించింది. కాబట్టి వచ్చే శుక్రవారం మీరు అన్నం కట్టి ఇచ్చేటప్పుడు, ‘ఇది తినడం నీకు దేవుడు ఒప్పుకున్న పనే, తినకుండా తెస్తే నాకు బాధ’ అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. తరగతి ఉపాధ్యాయురాలికి కూడా ఒక మాట చెప్పి, భోజనవేళ పాప తింటున్నదో లేదో గమనించమని కోరండి.

అయితే పాప చేత ఇదంతా చేయిస్తున్నది భక్తి ఒక్కటే కాదని మీ ఉత్తరమే చెబుతోంది. తోటి పిల్ల అన్న ఆ ఒక్క మాటతో మీ పాప ఈ ఇంటి మీద తీర్చవలసిన అప్పు ఒకటి ఉన్నదని నమ్మింది. ఆ అప్పును తన చిరుతిండితో, తన అన్నంతో, చివరికి తండ్రి జేబులోని నోటుతో తీర్చడానికి ప్రయత్నిస్తోంది. ఆ భారం దించకుండా డబ్బా ఒక్కటే లాక్కుంటే, పాప మరో దారి వెతుక్కుంటుంది. అందుకని మీరు ఆ బియ్యం సంగతి దాచకుండా పాపతో మాట్లాడండి. నాన్నకు కాలు విరిగిందని, పని లేని రోజుల్లో గుడి వారు తోడు నిలిచారని, అది ఎవరికీ తిరిగి ఇవ్వవలసిన బాకీ కాదని, కష్టం వచ్చినప్పుడు తీసుకోవడంలో తలవంపు ఏమీ లేదని చెప్పండి. మీకే లోపల సిగ్గుగా ఉంటే పాప అది వెంటనే పసిగడుతుంది. అందుకని ముందు మీరు ఆ మాటను నమ్మాలి.

మీకు బియ్యం ఇచ్చిన సభ పద్ధతి తెలిస్తే మీకు కొంత ధైర్యం కలుగుతుంది. 1833లో పారిస్ నగరంలో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే విద్యార్థి, మరి కొందరితో కలిసి దానిని ప్రారంభించాడు. ఇద్దరేసి చొప్పున పేదల ఇంటికే వెళ్లి పలకరించడం, వారి పేర్లు బయటికి పొక్కనీయకపోవడం వారి నియమం. సభ్యులు సమావేశమైనప్పుడు తమలో తాము పోగుచేసే చందాకు సైతం ఒక సంచి తిప్పుతారు. ఎవరి చేయి ఎంత వేసిందో పక్కవారికి కూడా తెలియదు. అంత గోప్యంగా జరగవలసిన సాయం ఒక చిన్న పిల్ల నోట దెప్పిపొడుపుగా వెలువడిందంటే, పెద్దలెవరో ఇంట్లో అజాగ్రత్తగా మాట్లాడారని అర్థం. ఆ పిల్లను నిందించకండి. సభ అధ్యక్షుల వారిని గానీ, విచారణ గురువులను గానీ విడిగా కలిసి, ఎవరి పేరూ ఎత్తకుండా, ఇలా జరిగిందని చెప్పండి. ఇది చాడీ కాదు, మీ వంటి మరో కుటుంబం ఇదే బాధ పడకుండా చూడటం.

బడిలో మొత్తాలు చదివి వినిపించే పద్ధతి విషయంలో నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: అది మానవలసిన పద్ధతి. సిస్టర్ల ఉద్దేశం మంచిదే, పిల్లలకు ఉత్సాహం కలగాలనే వారు అలా చేస్తూ ఉండవచ్చు. కానీ తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాటి పూజలో చదివే సువార్త మత్తయి 6వ అధ్యాయంలోనిది. కుడి చేయి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని ప్రభువు చెప్పింది అక్కడే. ఆ మాట విని వచ్చిన పిల్లలకు ఆ వారంలోనే మొత్తాలు వినిపిస్తే, వారు ఆ రెంటిలో దేనిని నమ్మాలి? పైగా ఇచ్చే పిల్లలూ, ఆ సాయం అందుకునే ఇళ్ల పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చునే బడి ఇది. తక్కువ తెచ్చిన తరగతిలో పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, ఎవరి వల్ల తగ్గిందో వెతుకుతారు. దేవాలయపు కానుకల పెట్టెలో రెండు చిన్న నాణేలు వేసిన పేద విధవరాలిని ప్రభువు మెచ్చుకున్నది, ఆమె వేసిన మొత్తం చూసి కాదు కదా.

మీరు ప్రధానోపాధ్యాయురాలైన సిస్టర్ గారిని బడి విడిచిన తరువాత, పాప పక్కన లేనప్పుడు కలవండి. జరిగింది దాచకుండా చెప్పండి. నోటు సంగతి కూడా చెప్పండి, ఎందుకంటే అది చెప్పకపోతే విషయం ఎంత దూరం వెళ్లిందో వారికి తెలియదు. తరువాత రెండు విన్నపాలు చేయండి. విడివిడి డబ్బాలకు బదులు తరగతికి ఒకే పెట్టె ఉంచి, మొత్తాలు చదవడం ఆపమని ఒకటి. డబ్బు లేని పిల్ల కూడా ఇవ్వగలిగేది ఏదైనా చేర్చమని రెండవది: జబ్బుపడి బడికి రాని పిల్లకు నోట్సు రాసిపెట్టడం, ఒంటరిగా ఉండే అవ్వ దగ్గర కాసేపు కూర్చోవడం, ఇంట్లో బియ్యం కడిగే ముందు అమ్మతో కలిసి పిడికెడు తీసి పక్కన పెట్టడం వంటివి. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1843లో ఫ్రాన్సులో నాన్సీ పీఠాధిపతి (బిషప్) ఫోర్బిన్ జాన్సన్ పిల్లల కోసం హోలీ చైల్డ్‌హుడ్ సంఘాన్ని స్థాపించినప్పుడు, ఆయన ప్రతి బిడ్డనూ అడిగింది రోజుకొక మంగళవార్త జపం, నెలకొక చిన్న నాణెం మాత్రమే. అంటే చిన్నవారిని అడిగిన దానం చిన్నదే. ఆ హద్దును మనం ఎందుకు దాటాలి?

ఇక 50 రూపాయల నోటు. పాప చేసినది తప్పే, దానిని ముద్దు చేయవద్దు. పరుల సొమ్ము తీసి ఇస్తే అది దానం కాదని పాప వయసుకు అర్థమవుతుంది. సిస్టర్ గారి అనుమతితో ఆ నోటు డబ్బాలోంచి తీయించి, పాప చేతనే నాన్నకు ఇప్పించండి. అంతకు ముందు మీ వారితో ఏకాంతంగా మాట్లాడండి. ఆయన కోపంలో న్యాయం ఉంది. తన చెమట సొమ్మును తనను అడగకుండా, తనది కాని మతం పేరున ఎవరో తీసుకున్నారని ఆయనకు అనిపించింది. ఆ న్యాయాన్ని ముందు ఒప్పుకోండి. ఆ పైన, కొట్టడం వల్ల పాప దొంగతనం మానదని, దాచడం నేర్చుకుంటుందని చెప్పండి. నోటు తిరిగి ఇచ్చినప్పుడు ఆయన తిట్టకుండా తీసుకుంటానని మాట ఇస్తేనే పాపను పంపండి. ఆయన రాత్రిళ్లు రోగులను ఉచితంగా తీసుకువెళ్లే సంగతి మీరు ఉత్తరంలో ఒక వాక్యంలో దాటేశారు గానీ, నాకు అదే ముఖ్యమనిపించింది. పాపకు దానం నేర్పగలిగిన మనిషి ఇంట్లోనే ఉన్నారు. ఆ రాత్రుల గురించి ఆయన నోటనే పాప వినాలి. అప్పుడు ఆ ఇంట్లో దానం అమ్మ మతానికి సంబంధించిన తగాదాగా ఉండదు.

పాపసంకీర్తనం గురించి భయపెట్టకండి. నోటు తిరిగి ఇచ్చేసిన తరువాత పాప చెప్పవలసింది ఒక్క చిన్న వాక్యమే: నాన్నను అడగకుండా డబ్బు తీశాను, తిరిగి ఇచ్చేశాను. సత్యోపదేశం (మత బోధ) నేర్పే సిస్టర్ గారితో ముందుగా చెబితే, వారే పాపకు ఆ వాక్యం ఎలా చెప్పాలో నేర్పుతారు. అక్కడ విన్న మాటను గురువులు ఏ పరిస్థితిలోనూ బయటపెట్టకూడదన్న కట్టడి ఉందని కూడా పాపకు చెప్పండి. ఇంట్లో మాట బడిదాకా పాకడం చూసిన బిడ్డకు ఆ హామీ అవసరం.

బడి మాన్పించే ఆలోచన పరీక్షలయ్యేవరకు వాయిదా వేయండి. సిస్టర్ గారి స్పందన చూశాక మీ ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవచ్చు.

బియ్యం విషయానికొస్తే, సిగ్గుతో మానవద్దు, అవసరం తీరితేనే మానండి. మీ వారి సంపాదన కుదుటపడిందని మీ ఇద్దరికీ నమ్మకం కుదిరిన నెలలో, సభ సభ్యులు ఇంటికి వచ్చినప్పుడు కృతజ్ఞత చెప్పి, ఇకపై ఆ బియ్యం మరొకరికి ఇవ్వమని మీరే కోరండి. కాలి నొప్పి తిరగబెట్టి ఆయన మళ్లీ ఇంట్లో కూర్చోవలసి వస్తే, మొహమాటపడకుండా వారికి కబురు పెట్టండి.