కడుపుతో ఉన్న గినీపిగ్‌ను ఒంటరిని చేయొద్దు, మగదాన్ని మాత్రం ఈరోజే తీసేయండి

రెండు ఆడవి, ఒక మగది ఒకే కేజ్‌లో ఉన్నాయి, ఆడవాటిలో ఒకటి కడుపుతో ఉంది, దాన్ని ఒక్కదాన్నే వేరే పెట్టాలా అని అడిగారు. వేరే పెట్టాల్సింది మగదాన్ని. ఆడవి రెండూ కలిసే ఉండాలి. ఈ మాట నేను ఎవరితోనైనా వాదించి చెప్తాను.

మాది కడప. మా పాప కోసం చేపల తొట్లు అమ్మే ఒక అంగడిలో రెండు ఆడ గినీపిగ్‌లు తెచ్చుకున్నాం. అక్కడ ఆడవీ మగవీ అన్నీ ఒకే పెట్టెలో కుక్కి పెడతారు. ఇంకేముంది, గోధుమరంగుది కడుపుతోనే మా ఇంటికొచ్చింది. కొన్ని వారాలకు దాని పొట్ట రెండు పక్కలా సంచిలా బయటికొచ్చింది. మెల్లగా చెయ్యి పెడితే లోపల పిల్లలు కదలడం తెలిసేది. మా అత్తమ్మ చూసి, "వేరే పెట్టండి పాపా, ఆ రెండోది పిల్లల్ని కొరికేస్తాది" అన్నారు. అంగడాయన కూడా ఫోన్‌లో అదే మాట చెప్పాడు. మా ఆయన సాయంత్రం ఇంకో కేజ్ తెచ్చి దాన్ని అందులో పెట్టేశాడు.

ఆ రాత్రి నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. కడుపుతో ఉన్నది మూలకు ముడుచుకుని కూర్చుంది. దానికి ప్రాణమైన కొత్తిమీర కట్ట ముందు పెట్టినా మూతి తిప్పుకుంది. ఇవతల రెండోది, మా తెల్లది, కమ్మీలు కొరుకుతూ వీక్ వీక్ అని ఒకటే అరుపు. నాకు టెన్షన్ పట్టుకుంది. నిండు కడుపుతో ఉన్న గినీపిగ్ తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి అదే విషమై ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ప్రమాదం ఈనే ముందు రెండు వారాల్లో, ఈనిన తర్వాత మొదటి వారంలో ఎక్కువ. ఎవరేమన్నా సరే అని దాన్ని తీసి తెల్లదాని దగ్గరికి వదిలాను. రెండూ ముక్కులు ఆనించి వాసన చూసుకున్నాయి. కాసేపటికి ఒకే కట్టను చెరోవైపు పట్టుకుని నమలడం మొదలుపెట్టాయి.

ఈనింది కూడా తెల్లదాని పక్కనే. తల్లి తలను కాళ్ల మధ్యకు వంచి, పళ్లతో పట్టుకుని పిల్లను బయటికి లాగింది. రెండో పిల్ల వస్తుంటే మొదటిదాని మీది పొరను నాకి శుభ్రం చేసింది ఎవరనుకున్నారు? కొరికేస్తుందన్న ఆ తెల్లదే! పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో, పళ్లతో పుడతాయి. గంట తిరిగేసరికి నడుస్తున్నాయి. తల్లికి చన్నులు రెండే, కాబట్టి ఎక్కువ పిల్లలు పుడితే వంతులేసుకుని తాగుతాయి. తల్లి మేత తింటున్నప్పుడు పిల్లలు తెల్లదాని కడుపు కింద దూరి పడుకునేవి.

ఇక మగదాని సంగతి. గినీపిగ్ 59 నుంచి 72 రోజుల దాకా కడుపుతో ఉంటుంది. ఈనిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది. మగది పక్కనే ఉంటే, పచ్చి బాలింతగా ఉండగానే మళ్లీ కడుపు. ఎంత నరకమో ఆలోచించండి. మీ మగది ఇప్పటికే రెండోదాన్ని కూడా కడుపు చేసి ఉండొచ్చు, దాన్నీ గమనించండి. మగదాని కేజ్ పక్కనే, చూపు అందేలా పెట్టండి, ఒంటరిననుకోదు.

ఆడవి రెండిటికీ వేరువేరు తిండి గిన్నెలు, నీళ్ల సీసాలు, రెండు దారులున్న అట్టపెట్టెలు పెట్టండి. రెండోది నిజంగా తరిమి కొరుకుతుంటేనే మధ్యలో జాలీ అడ్డం పెట్టండి. ఊరికే ఎత్తుకోకండి. కేజ్ మార్చాలంటే బుట్ట పెడితే అదే ఎక్కుతుంది. మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారు కాదు, కడుపుతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. క్యాప్సికం రోజూ వేయండి, అప్పుడప్పుడు చిన్న జామ ముక్క. గరిక, ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి. 27 డిగ్రీలు దాటితేనే ఇవి అల్లాడతాయి, మన ఎండలేమో 42 దాటుతాయి. కరెంటు పోతుందని ముందే నీళ్ల సీసా గడ్డకట్టించి, గుడ్డ చుట్టి కేజ్‌లో ఓ మూల పెట్టేదాన్ని.

మన జిల్లాల్లో పశువుల డాక్టర్లు ఆవులు, గొర్రెల్లో దిట్టలు. గినీపిగ్‌ను చూసినవాళ్లు తక్కువ. అందుకే ఈనకముందే ఒకరిని వెతికి పెట్టుకోండి. ఏడెనిమిది నెలల వయసు దాటాక తొలి కాన్పయితే కటి ఎముకలు బిగుసుకుపోయి పిల్ల అడ్డం పడే భయం ఉంది, ఆపరేషన్ దాకా పోవచ్చు. 20 నిమిషాలు ముక్కినా పిల్ల రాకపోతే ఆగకుండా తీసుకెళ్లండి. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు నోటి ద్వారా మాత్రం ఇవ్వనివ్వకండి, వీటి పేగులకు అది ప్రాణాంతకం.

అంగళ్లవాళ్ల మీద నా కోపం ఇంకా తీరలేదు. ఏది ఆడదో ఏది మగదో చూడటం రానివాళ్లు జోడీ అని చేతిలో పెట్టి పంపేస్తారు. పుట్టినరోజు కానుకగా కొనేవాళ్లు నెల తిరక్కుండా ఎవరికిద్దామా అని తిరుగుతారు. ప్రాణమున్న జీవాన్ని అలా అమ్మడం పాపం.

పిల్లలు పుట్టాక మూడు వారాలు లెక్కపెట్టుకోండి. అప్పటికి మగపిల్లలను తల్లి దగ్గరినుంచి తీసేయాలి, లేకపోతే తల్లినే కడుపు చేస్తాయి. వాటిని మీ మగదాని దగ్గరికి మెల్లగా అలవాటు చేయండి, తండ్రీకొడుకులు సాధారణంగా బాగానే కలుస్తారు.