గ్యాస్ అయిపోయిందన్నాడు, నమ్మాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. సముద్రం దగ్గర, పైగా గ్రౌండ్ ఫ్లోర్. బీరువాలో పట్టుచీరలకు బూజు పడుతోందని నాలుగేళ్ల కిందట గాలిలోని తేమను నీరుగా లాగే డీహ్యూమిడిఫైయర్ కొన్నాం. ఈమధ్య ఫ్యాన్ తిరుగుతోంది గానీ ట్యాంకులో చుక్క నీరు పడడం లేదు. ట్యాంకు నిండిందని చూపే లైటూ వెలగడం లేదు. మెకానిక్ వచ్చి, మూత కూడా తీయకుండా ‘గ్యాస్ అయిపోయింది, నాలుగున్నర వేలవుతుంది’ అన్నాడు. పెన్షన్ మీద బతికేవాళ్లం. అంత పెట్టమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే పెట్టకండమ్మా. ముందు మెషిన్ ఎత్తి చూడండి. ఒక చేత్తో తేలిగ్గా లేస్తే అది పెల్టియర్ రకం, అంటే కరెంటు పారితే ఒకవైపు చల్లబడే పలకతో పనిచేసేది కావచ్చు. వాటిలో గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసరే ఉండదు, గ్యాసూ ఉండదు. ఇక అయిపోయేదేమిటి?

బరువుగా ఉంటే కంప్రెసర్ రకమే. అందులోనూ గ్యాస్ వాడేకొద్దీ తరగడానికి స్కూటర్లో పెట్రోలు కాదు. సీలు చేసిన గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ఆ లీకు మూయకుండా ఎక్కించిన గ్యాస్ మళ్లీ పోతుంది, మీ నాలుగున్నర వేలతో సహా.

ఫిల్టర్ తీసి కడిగి, ఆరబెట్టి, మళ్లీ పెట్టండి. తలుపులు, కిటికీలు మూసి, తేమ సెట్టింగును అన్నిటికంటే కిందికి దించి మెషిన్ ఆన్ చేయండి. సెట్టింగ్ 70 శాతం దగ్గర ఉండి, గదిలో తేమ అంతకంటే తక్కువుంటే కంప్రెసర్ పని చేయదు, ఫ్యాన్ మాత్రం తిరగొచ్చు. వానాకాలం విశాఖలో అంత పొడి గది దొరకడం కష్టమే అనుకోండి! చాలా మెషిన్లలో కంప్రెసర్ మూడు నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది. అంతవరకు ఓపిక పట్టి, చెవి పెట్టి వినండి.

‘గుంయ్’మని మూలిగి, కొన్ని సెకన్లకే ‘టక్’మని ఆగిపోయి, కాసేపటికి మళ్లీ అలాగే చేస్తుంటే నా అనుమానం కెపాసిటర్ మీదే, అంటే కంప్రెసర్ మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న భాగం మీదే. నా చేతికొచ్చిన ఫ్రిజ్‌లు, ఏసీల్లో ‘కంప్రెసర్ పోయింది’ అని తెచ్చినవి ఎన్నో దాంతోనే లేచి కూర్చున్నాయి. మార్చడానికి వందల్లో అవుతుంది, వేలల్లో కాదు. పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ల అంకె కొత్తదానికీ ఉండాలి, వోల్టేజి అంతకు తగ్గకూడదు. ఈ పని మాత్రం మీరు చేయొద్దు. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, గట్టి షాక్ కొడుతుంది. కొత్త కెపాసిటర్ వేసినా మూలుగుతూనే ఉంటే అప్పుడు కంప్రెసర్ సంగతి ఆలోచించాలి.

అసలు చప్పుడే లేకపోతే తేమ సెన్సర్, లేదంటే బోర్డు మీద కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చే స్విచ్, అంటే రిలే. బోర్డు మొత్తం మార్చాలంటే ఒప్పుకోకండి. టీవీ బోర్డులు బాగుచేసేవాళ్లు రిలే ఒక్కటీ మార్చగలరు.

కంప్రెసర్ నడుస్తూనే నీళ్లు పడకపోతే, ప్లగ్ తీసి, వెనక గ్రిల్ విప్పించి కాయిల్, అంటే తేమను నీరుగా మార్చే చల్లటి గొట్టాల వరస చూడండి. కాయిలంతా మంచు కడితే గాలి సరిగా ఆడడం లేదు, దుమ్ము బ్రష్‌తో దులిపించండి. ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే, మీ మెకానిక్ మాట నిజమే కావచ్చు. ఉప్పుగాలి కాయిళ్లను తినేస్తుంది, బీచ్ పక్క ఇళ్లలో ఇది మామూలే. అప్పుడు కూడా లీకు ఎక్కడో చూపించాకే డబ్బు ఇవ్వండి. వెనక స్టిక్కర్ మీద ఆర్‌-290 అని ఉంటే అది ప్రొపేన్, మండే గ్యాస్. ఇంట్లో మంటపెట్టి వెల్డింగ్ చేయనివ్వకండి. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటితే నేనైతే చేయించను.

ఈలోగా ఆ గదిలో ఏసీ ఉంటే రోజూ కాసేపు డ్రై మోడ్‌లో నడపండి. బీరువాను గోడకు జానెడు దూరం జరపండి. కలరా ఉండలు పురుగులకే, తేమను పీల్చవు. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు దొరుకుతాయి గానీ వాటిలో నీరు చేరుతుంది. బీరువా అడుగు అరలో, చీరలకు దూరంగా పెట్టండి.