అనుకోకుండా ఏటికొప్పాక వెళ్లిన రోజు

"స్నేహితులతో అప్పటికప్పుడు అనుకుని ఏదైనా పల్లెటూరికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చారా? అలాంటి ప్రయాణంలో నిజంగా చూసేది ఏమైనా ఉంటుందా?" అని నన్ను ఒకరు అడిగారు.

ఉంటుంది. అయితే ఊరు చూద్దామని వెళ్తే గంటలో అయిపోతుంది. ఆ ఊళ్లో ఎవరో ఒకరు చేస్తున్న పని చూద్దామని వెళ్తే రోజంతా చాలదు. విశాఖపట్నం నుంచి మేము నలుగురం లక్కబొమ్మలు చేసే ఊరు ఏటికొప్పాక వెళ్లొచ్చినప్పటి నుంచి ఎవరడిగినా ఇదే మాట చెబుతున్నాను.

శనివారం రాత్రి టీ కొట్టు దగ్గర మా మిత్రుడొకడు తన మేనకోడలి అన్నప్రాశనకు చెక్క గిలక్కాయ కొనాలన్నాడు. "దుకాణంలో కొనడం ఎందుకు, చేసేచోటికే పోదాం పదండి" అన్నాడు ఇంకొకడు. తెల్లవారేసరికి తుని వైపు వెళ్లే బస్సులో ఉన్నాం. ఇంతకు మించి ఏర్పాట్లు ఏమీ లేవు. ఎక్కడ తినాలో, ఎవరిని కలవాలో, ఎన్నింటికి తిరగాలో ఎవరమూ ఆలోచించలేదు.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లా యలమంచిలి మండలంలో, వరాహ నది ఒడ్డున ఉంటుంది. విశాఖ నుంచి సుమారు 65 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద అడ్డరోడ్డు దగ్గర దిగితే అక్కడి నుంచి ఊళ్లోకి ఆటోలు ఉంటాయి. ఇక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కనిపించినవి ఈ బొమ్మలే. మన ఇళ్లలో ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు, బొంగరాలు, పూజగదిలో ఉండే కుంకుమ భరిణెల్లో ఎన్నో ఈ చుట్టుపక్కల వాళ్ల చేతుల్లోంచి వచ్చినవే.

ఆటో దిగి వీధిలో నడుస్తుంటే కర్రను గిర్రున తిప్పే లేత్ మిషను చప్పుడు వినబడింది. ఆ చప్పుడు పట్టుకుని వెళ్తే ఒక ఇంటి వసారాలో పెద్దాయన పని చేసుకుంటున్నారు. "బాబాయ్, కాసేపు కూర్చుని చూడవచ్చా?" అని అడిగాం. "కూర్చోండి బాబూ, బట్టల మీద పొట్టు పడుతుంది మరి" అన్నారు. అలా కూర్చున్నవాళ్లం మధ్యాహ్నం ఆకలి వేసేదాకా లేవలేదు.

ఆయన చేతిలో ఉన్నది అంకుడు కర్ర. పాలకొడిసె అని కూడా అంటారు. తెల్లగా, మెత్తగా ఉంటుంది, ఉలికి ఎదురు తిరగదు. కొట్టి తెచ్చిన కొమ్మను వెంటనే వాడటానికి లేదు. తేమ పోయేదాకా ఆరనివ్వాలి, లేకపోతే బొమ్మ తయారయ్యాక బీటలు వారుతుంది. వసారాలో ఒక మూల అలా ఆరుతున్న ముక్కలు పేర్చి ఉన్నాయి.

మేము చూస్తుండగా ఆయన చేసింది కుంకుమ భరిణె. ముక్కను మిషనుకు బిగించి ఉలి ఆనించగానే పైతొక్క ఎగిరిపోయి, లోపలి కర్ర సన్నని పొరలుగా చుట్టలు చుట్టుకుంటూ ఆయన మోకాళ్ల మీద రాలింది. ముందు అడుగు భాగం, తర్వాత మూత. కొలత పెట్టడానికి స్కేలు లాంటిది ఏదీ తీయలేదు. మూత లోపలి అంచు కొద్దిగా తీస్తారు, మిషను ఆపుతారు, అడుగు మీద పెట్టి చూస్తారు, మళ్లీ తిప్పి వెంట్రుకవాసి తీస్తారు. చివరికి మూత కూర్చున్నప్పుడు టప్పుమని చిన్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వినబడేదాకా ఆయనకు తృప్తి లేదు.

అప్పుడు రెండింటినీ కలిపి తిప్పుతూ పసుపుపచ్చ లక్క కడ్డీ ఆనించారు. అక్కడ మంట లేదు, కుంచె లేదు. గిర్రున తిరిగే కర్రకు కడ్డీ రాసుకున్నప్పుడు పుట్టే వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మొదట మచ్చలు మచ్చలుగా, గరుకుగా కనిపించింది. మొగలి ఆకు మడిచి గట్టిగా అదిమి పట్టేసరికి ఆ మచ్చలన్నీ పరుచుకుని భరిణె నిగనిగలాడింది. మూతా అడుగూ కలిసే చోట సన్నని ఎర్ర గీత వేశారు. ఆ గీత పడ్డాక అతుకు ఎక్కడుందో కంటికి దొరకదు. మా వాడు భరిణె అటూ ఇటూ తిప్పి, గోటితో తడిమి, అప్పటికి గానీ మూత తీయలేకపోయాడు.

రంగు కడ్డీలు ఇంటి వెనుక చేస్తున్నారు. లక్కను నిప్పుల మీద మెత్తబరచి, తిరునాళ్లలో జీళ్ల పాకం లాగినట్టు లాగుతూ అందులో రంగు కలుపుతారు. పసుపు కొమ్ముల నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి మొక్క నుంచి నీలం, నీలంలో పసుపు కలిస్తే ఆకుపచ్చ. ఈ పద్ధతి మధ్యలో వెనకబడి, బజారులో దొరికే రసాయన రంగులు ఈ ఊళ్లోకీ వచ్చాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు అలాంటి రంగులు తగవని, మొక్కల రంగులను లక్కతో కలిపే విద్యను మళ్లీ నిలబెట్టినవారు ఈ ఊరివారే అయిన సి.వి.రాజు. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో ఈ బొమ్మల గురించి, ఆయన గురించి చెప్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ విషయాలు పేపర్లో చదివే ఉంటాం. కానీ ఏడో నెల పిల్ల నోట్లోకి వెళ్లబోయే గిలక్కాయను చేతిలో పట్టుకుని ఆ నారింజ రంగు ఏ గింజలోంచి వచ్చిందో చూసినప్పుడు, ఆ మనిషి ఎంత పెద్ద పని చేశారో మనసుకు ఎక్కుతుంది.

బాబాయ్ గారు మాట్లాడినంతలో ఎక్కువగా మాట్లాడింది కర్ర గురించే. కొండల్లో అంకుడు తగ్గిపోతోంది, ముందులా దగ్గర్లో దొరకడం లేదు. కొమ్మ కొడితే మళ్లీ చిగురించే చెట్టే కాబట్టి నాటి పెంచుకోవచ్చు, కానీ పెరిగేదాకా ఆగాలి కదా అన్నారు. "రంగు ఎక్కడైనా తెచ్చుకుంటాం బాబూ, కర్ర లేకపోతే చేతిలో పని ఉన్నా లాభం లేదు." నాకు ఆ మాట చాలా బాధ కలిగించింది. ఇంత గొప్ప పనికి ఆధారం ఒక్క చెట్టు. దాని పేరు మన నగరాల్లో ఎంతమందికి తెలుసు?

అందుకే మీరు వెళ్తే ఒక్క విషయం గట్టిగా చెబుతాను, దయచేసి అక్కడ బేరం ఆడకండి. నగరంలో అదే భరిణెకు రెట్టింపు పోసి కొనేవాళ్లం, చేసిన మనిషి ఎదురుగా కూర్చుని పది రూపాయలు తగ్గించమనడం నాకు సహించదు. వీడియోలు తీసేముందు అడగండి. తిరిగే మిషను దగ్గర ఉలితో పని చేసే మనిషిని పదే పదే "ఇటు చూడండి" అనడం ప్రమాదం కూడా. పదిమంది గుంపుగా వసారాలోకి వెళ్లకండి, ముగ్గురు నలుగురైతే ఇంటివాళ్లకూ ఇబ్బంది ఉండదు.

భోజనం అడ్డరోడ్డులో ఒక చిన్న మెస్సులో చేశాం, బాగానే ఉంది. అంతకు ముందు వరాహ నది దగ్గర కాసేపు కూర్చున్నాం, సంక్రాంతి దాటిన రోజులు కాబట్టి నీళ్లు పల్చగా పారుతున్నాయి.

తిరుగు ప్రయాణంలో కశింకోట దగ్గర రోడ్డు పక్కన పొగ కనిపించి బస్సు దిగిపోయాం. ఏర్పాటు లేని ప్రయాణంలో ఉన్న సుఖమే అది, ఎవరికీ సమాధానం చెప్పనక్కర్లేదు. చెరకు తోట పక్కనే బెల్లం వండుతున్నారు. గానుగలోంచి వచ్చిన రసం పెద్ద పెనంలో మరుగుతోంది, పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి ఎగదోస్తున్నారు. ఒకాయన పైకి తేలిన మడ్డిని పొడవాటి గరిటెతో తీసేస్తూ మధ్యమధ్య పాకం ఎత్తి జారవిడిచి చూస్తున్నారు. ఎప్పుడు దించాలన్నది ఆ జారుడు చెప్పాలి. అక్కడా మేము చేసింది చూడటమే. వేడి బెల్లం కొంచెం కొంచెం చెరకు ముక్క మీద పెట్టి ఇచ్చారు. అనకాపల్లి బెల్లం అని పేరు విని దిమ్మలు కొనుక్కునే వాళ్లం, దిమ్మ కాకముందు దాని రుచి వేరు.

మీరు అడిగిన దానికి ఇంకొక మాట కూడా చేరుస్తాను. అప్పటికప్పుడు బయల్దేరడంలో లాభం ఏమిటంటే, చూడవలసిన జాబితా ఉండదు. జాబితా ఉన్నట్టయితే మేము ఆ వసారాలో పావుగంట కూర్చుని, నాలుగు ఫోటోలు తీసుకుని, తర్వాతి చోటుకు లేచేవాళ్లం. మూత కూర్చునే చప్పుడు వినేవాళ్లం కాదు.

వెళ్లేట్లయితే ఉదయం ఏడింటికల్లా బస్సెక్కండి. నీళ్ల సీసా, చిల్లర డబ్బు ఉంచుకోండి. బెల్లం వండటం కూడా చూడాలంటే జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. పసిపిల్లల కోసం కొంటున్నామని ముందే చెబితే మొక్కల రంగులు వేసినవే తీసి ఇస్తారు. విశాఖ కాకుండా రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవాళ్లకు తుని దాటాక అడ్డరోడ్డు తగులుతుంది, యలమంచిలి దాకా వెళ్లనక్కర్లేదు.