తారు పార్కింగ్ ఉద్యోగమా, డ్రోన్ కోర్సా? ఒక తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ డిప్లొమా పూర్తి చేశాడు. షాపింగ్ కాంప్లెక్సులు, ఆఫీసు భవనాల ముందుండే తారు పార్కింగ్ స్థలాలను బాగుచేసే కాంట్రాక్టు సంస్థవాళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా రమ్మన్నారు. వాడికి ఇష్టమే. మేమైతే డ్రోన్‌తో సర్వే చేసి ఏఐతో పగుళ్లు లెక్కగట్టే ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులో చేర్చాలనుకుంటున్నాం. ఇంత చదివించింది మండుటెండలో తారు పూయించడానికా అని బాధగా ఉంది. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, మీరడిగింది పోలిక. మీ మనసులో ఉన్నది మాత్రం చదివిన పిల్లవాడు ఎండలో కూలీగా మిగిలిపోతాడేమోనన్న భయం. ముందు దాని సంగతే చెబుతాను. మిగిలిపోడు. తారు పోసేవాళ్లు వేరే ఉంటారు. ఏ పగులు నింపాలి, ఏది కోసి తవ్వాలి, దేని జోలికి ఇప్పుడు పోకూడదు అన్నది తేల్చడం సూపర్‌వైజర్ పని. మట్టి గురించీ మెటీరియల్స్ గురించీ వాడు చదువుకున్నదంతా అక్కడే అక్కరకొస్తుంది.

చలి దేశాల్లో పగుళ్లలోని నీరు గడ్డకట్టి తారును చీలుస్తుంది. వేడి ప్రాంతాల్లో ఆ బెడద లేదు, ఎండే శత్రువు. గాలి వేడి 40 డిగ్రీలున్న మధ్యాహ్నం తారు పైభాగం 60 దాటుతుంది. ఎండా గాలీ కలిసి కంకరను పట్టి ఉంచే నల్లటి జిగురును, అంటే బిటుమెన్‌ను, ఆక్సీకరిస్తాయి, అందులోని తేలిక నూనెలు తగ్గిపోతాయి. నల్లటి తారు బూడిద రంగుకు తిరిగి, పెళుసుబారి, ముందు ఇసుక రాలుతుంది, ఆ తర్వాత కంకర లేస్తుంది. పగుళ్లు పడ్డాక వానొస్తే నీరు కిందికి దిగి, తారు కిందుండే ఆధార పొరను, అంటే బేస్‌ను, మెత్తబరుస్తుంది. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

విడివిడిగా ఉన్న, 6 మిల్లీమీటర్లకు మించిన పగుళ్లను నింపాలి. కలుపు పీకి, కంప్రెసర్ గాలితో దుమ్ము ఊది, తడి లేదని చూసుకుని, అవసరమైతే రూటర్ అనే గాడి కోసే యంత్రంతో 20 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు గాడి తీసి, రబ్బరు కలిసిన హాట్ పోర్ సీలెంట్, అంటే కాచి పోసే పగుళ్ల పూడిక, పోస్తారు. దాన్ని కాచే కెటిల్‌లో అది దాదాపు 190 డిగ్రీల దగ్గర ఉంటుంది, సరైన అంకె పెట్టె మీదే రాసి ఉంటుంది. అది దాటి గంటలకొద్దీ మరిగితే సాగే గుణం పోతుంది. వేడి చాలకపోతే అంచులకు అంటదు. వేడి ప్రాంతంలో ఇంకో చిక్కుంది. చలి ప్రాంతాల కోసం చేసిన మెత్తటి సీలెంట్ వాడితే మధ్యాహ్నానికి జిగటగా మారి, టైర్లకూ చెప్పులకూ అంటుకుని షాపులోని టైల్స్ దాకా పోతుంది. అందుకని మెత్తబడే ఉష్ణోగ్రత ఎక్కువున్న రకం తెప్పించాలి, పగులు అంచు దాటి వెడల్పుగా పరచకూడదు.

మొసలి వీపులా చిన్న చిన్న ముక్కలైన చోట సీలెంట్ పోయడం శుద్ధ దండగ. అక్కడ పోయింది బేస్. దెబ్బతిన్న భాగం చుట్టూ మరో 30 సెంటీమీటర్లు కలుపుకొని చతురస్రంగా కోసి, గట్టి పొర తగిలేదాకా తవ్వి, బేస్‌ను దిమ్మిస కొట్టి, కోసిన అంచులకు పాత తారుకు కొత్తది అంటుకునేలా చేసే టాక్ కోట్ పూయాలి. అది గోధుమ రంగు నుంచి నలుపుకు తిరిగేదాకా ఆగాలి. ఆ తర్వాత హాట్ మిక్స్‌ను, అంటే వేడి తారు కంకర మిశ్రమాన్ని, 50 నుంచి 75 మిల్లీమీటర్ల పొరలుగా వేసి తొక్కించాలి. మిక్స్ 80 డిగ్రీల కిందికి చల్లారాక రోలర్ ఎన్నిసార్లు తిప్పినా ప్రయోజనం ఉండదు. లారీ ఆలస్యమైతే వెనక్కి పంపే ధైర్యం సూపర్‌వైజర్‌కు ఉండాలి.

తారు మీద కాపుగా పూసే పల్చటి నల్లటి పూత సీల్‌కోట్, పూసే ద్రవం సీలర్. ఇందులో లెక్క ఉంది. 5,000 చదరపు మీటర్ల స్థలం, అంటే దారులతో కలిపి సుమారు 170 కార్లు పట్టేది అనుకోండి. పూతకు చదరపు మీటరుకు అర లీటరు చొప్పున రెండు పూతలకు 5,000 లీటర్లు కావాలి. లీటరు సీలర్‌కు పావు నుంచి అర కిలో లోపు ఇసుక. మోసమంతా నీళ్లలో జరుగుతుంది: తయారీదారు చెప్పినదానికన్నా ఎక్కువ కలిపితే మొదటి వారం నల్లగా మెరిసి ఏడాదికే అరిగిపోతుంది. కొత్త తారుకు కనీసం 90 రోజులదాకా సీల్‌కోట్ వేయకూడదు. ఆయిల్ మరకలను ముందే శుభ్రం చేసి ప్రైమర్ పూయకపోతే అక్కడ పొర లేచిపోతుంది. మూడు నాలుగేళ్లకోసారి చాలు. ఏటా వేస్తే పొరమీద పొర పేరుకుని సీల్‌కోటే పగులుతుంది.

ఎండ గురించి మీరు భయపడ్డారు కదా. కాలే తారు మీద సీలర్ వేస్తే పైన పొర కట్టి, కింద తేమ చిక్కుకుని, ఊడి వస్తుంది. కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టడం, ముందుగా పల్చగా నీళ్లు చల్లి తారును చల్లబరచడం మామూలు. అలాగని నీడపట్టు ఉద్యోగమని చెప్పను. ప్యాచ్ పనికి మధ్యాహ్నాలు తప్పవు. చీకట్లో సీలర్ సరిగా ఆరదు గనక దాన్ని పూర్తిగా రాత్రికి నెట్టలేరు. స్థలాన్ని సగం సగం మూసి, ఒక్కో సగానికి 24 గంటలు ఆరనిచ్చి, ఆ తర్వాతే గీతలు గీయాలి.

ఇక మీ డ్రోన్ కోర్సు. నా అనుమానాలు దాచుకోను. సెంటీమీటరుకో పిక్సెల్ చొప్పున వచ్చే ఫొటోలో 3 మిల్లీమీటర్ల పగులును నమ్మకంగా పట్టుకోలేం. కార్లు నిలిపి ఉన్న గళ్లు కనబడవు, చెట్ల నీడ పగులులా కనిపిస్తుంది. నిరుడు సీల్‌కోట్ పూసిన స్థలం పైనుంచి కొత్తదానిలా ఉంటుంది, కింద బేస్ కుళ్లిపోయినా సరే. పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్ అని 0 నుంచి 100 దాకా మార్కులు వేసే పద్ధతి ఉంది. అందులో లోపం రకం, తీవ్రత, విస్తీర్ణం మూడూ చూడాలి. సాఫ్ట్‌వేర్ విస్తీర్ణం చక్కగా చెబుతుంది. ఆ గుంత చెత్తలారీ ఆగడం వల్ల పడిందా, పక్కనున్న స్ప్రింక్లర్ కారడం వల్లా అన్నది చెప్పదు. మొదటిదానికి మందు కాంక్రీటు పలక, రెండోదానికి ప్లంబర్. 5,000 చదరపు మీటర్లను కొలత చక్రం, సుద్దముక్క పట్టుకున్న మనిషి ఒక పూటలో చూసేస్తాడు. వాన మర్నాడు వెళ్తే ఇంకా నీళ్లు నిలిచిన చోట్లన్నీ గీసుకుని వస్తాడు. డజన్లకొద్దీ స్థలాలున్న పెద్ద యజమానులకు, వాలు కొలవడానికి డ్రోన్ పనికొస్తుంది, కాదనను. ఆ రిపోర్టును చదవగలిగేవాడు మాత్రం నేల మీద నడిచినవాడై ఉండాలి.

కటువుగా ఉంటే క్షమించండి, ‘డ్రోన్’ అన్న మాట చుట్టాలకు చెప్పుకోవడానికి బాగుంటుంది, ‘తారు’ అన్న మాట బాగుండదు. మీ నిర్ణయంలో ఇదే పెద్ద భాగమని నా అనుమానం. ఉద్యోగం చేతికొచ్చింది, ఇష్టపడుతున్నాడు, చదువుకు తగ్గ పని. ఇంట్లో రోజూ మొహం ముడుచుకుని కూర్చుంటే వాడు కోర్సులో చేరతాడు కానీ, నేర్చుకోడు. కోర్సు ఎక్కడికీ పోదు. ఒక వేసవి, ఒక వానాకాలం సైట్లో గడిపాక చేరితే ఆ ఆరు నెలల్లో నేర్చుకునేది రెట్టింపవుతుంది.

ఎదుగుదల కూడా ఉంది. ఏడాది రెండేళ్లకు అంచనాలు వేయడం నేర్చుకుంటాడు. బిటుమెన్‌కు పీజీ అనే గ్రేడ్లుంటాయి; మామూలుగా పీజీ 64 వాడే చోట వేడికి పీజీ 70, లారీలు నిలిచే మూల పీజీ 76 ఎందుకు అడగాలో యజమానికి వివరించగలుగుతాడు. ఆ అంకె బిటుమెన్ తట్టుకోగల గరిష్ఠ పేవ్‌మెంట్ ఉష్ణోగ్రత. కొత్త తారు మీద నిలిచిన కారు స్టీరింగ్ తిప్పితే పడే గీతలు చూసి యజమాని గగ్గోలు పెట్టినప్పుడు, అది లోపం కాదనీ, తారు గట్టిపడుతూ గీతలు మాసిపోతాయనీ చెప్పి ఒప్పించగలుగుతాడు. ఇలాంటివాళ్లు తర్వాత ఎస్టిమేటర్లవుతారు, కొందరు సొంతంగా కాంట్రాక్టులు పడతారు.

మీరు చేయాల్సింది ఆ సంస్థను పరీక్షించడం. చేరేముందు మూడు సంగతులు అడిగి రమ్మనండి. కెటిల్‌కు పనిచేసే థర్మామీటర్ ఉందా? సీలర్‌లో కలిపే నీళ్లు కొలిచి రాస్తారా? హాట్ సీలెంట్ దగ్గరుండేవాళ్లకు నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, ముఖానికి షీల్డ్ ఇస్తారా? కాలే సీలెంట్ చర్మానికి అంటితే పీకకూడదు, చల్లటి నీళ్లు పోస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఈ సంగతి అక్కడి మేస్త్రీకి తెలుసో లేదో కూడా కనుక్కోమనండి. ‘పగుళ్ల మీద సీల్‌కోట్ పూసేస్తే సరిపోతుంది’ అనే యజమాని అయితే వేరే సంస్థ చూసుకోమనండి.