ప్రమాదమని తెలిసీ అక్కడే ఎందుకుంటారు?

ప్రశ్న: అగ్నిపర్వతం బద్దలైన చోటే, తుపాను ఊళ్లను ఊడ్చేసిన తీరంలోనే జనం మళ్లీ ఇళ్లు కట్టుకుంటున్నారు. ఇది అజ్ఞానం కాదా? ప్రభుత్వాలు వారిని శాశ్వతంగా వేరే చోటికి తరలించవచ్చు కదా?

జవాబు: అజ్ఞానం అనడం వారికి అన్యాయం చేయడమే. చాలా చోట్ల ప్రాణం తీసేదీ, బతుకునిచ్చేదీ ఒకటే. అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద కాలక్రమంలో సారవంతమైన నేలగా మారుతుంది. పొలాలను ముంచే నదే వాటి మీద ఒండ్రు పరిచి వెళుతుంది. ఎడారి ప్రాంతాల్లోనైతే భూకంపాలు పుట్టించే భ్రంశాలే, అంటే రాతిపొరలు విరిగి జరిగిన పగుళ్లే, నీటినీ చూపిస్తాయి. ఇరాన్‌లోని బామ్ వద్ద భ్రంశం వెంబడి నలిగిన బంకమట్టి భూగర్భజలానికి అడ్డుకట్టగా నిలవడం వల్లనే అక్కడ ఖర్జూర తోటలు, వాటి మధ్య పట్టణం సాధ్యమయ్యాయి. 2003 డిసెంబరు 26న భూకంపం ఆ పట్టణాన్ని నేలమట్టం చేసినప్పుడు సుమారు 26,000 మంది మరణించారు.

కాలం సంగతి కూడా చూడాలి. కొలంబియాలో 1845లో నెవాడో డెల్ రూయిస్ అగ్నిపర్వతం మీది నుంచి వచ్చిన బురద ప్రవాహం దాదాపు వెయ్యి మందిని పొట్టన పెట్టుకుంది. ఆ బురద మేటల మీదే తరువాత అర్మేరో అనే ఊరు వెలిసి, పత్తి సాగుతో సంపన్నమైంది. 1985 నవంబరు 13 రాత్రి తొమ్మిది దాటాక పర్వతం పేలింది. శిఖరం మీది మంచు కరిగి, ఆ నీరు బూడిదనూ బండరాళ్లనూ కలుపుకొని లోయల గుండా దూకి, సుమారు రెండున్నర గంటల్లో ఊరిని కప్పేసింది. 20,000 మందికి పైగా చనిపోయారు. అర్మేరోకు ముప్పుందని చూపే పటాన్ని శాస్త్రవేత్తలు అంతకు నెల ముందే సిద్ధం చేశారు. ఎత్తైన నేల దగ్గర్లోనే ఉంది. సమయానికి కదలమని గట్టిగా చెప్పినవారే లేకపోయారు. నూట నలభై ఏళ్ల కిందటి విపత్తును చూసినవారెవరూ ఊళ్లో మిగిలి ఉండరు, పంట అవసరం మాత్రం ఏటా ఉంటుంది. నా దృష్టిలో ఆ దుర్ఘటనకు బాధ్యత అక్కడ కాపురమున్న వారిది కాదు.

ఇక తరలింపు. సముద్రానికి దూరంగా ఇల్లిస్తే జాలరి ఏం తిని బతుకుతాడు? అతడు వదిలిన నేలలోకి మరో నిరుపేద వచ్చి చేరతాడు. బంగ్లాదేశ్ తీరంలో 1970 తుపానుకు కనీసం మూడు లక్షల మంది, 1991 తుపానుకు సుమారు 1,38,000 మంది బలయ్యారు. 2007లో వచ్చిన సిద్ర్ అతి తీవ్ర తుపానే అయినా మృతులు సుమారు 3,400. ఏ రెండు తుపాన్లూ ఒకేలా ఉండవు గనుక ఈ అంకెలను నేరుగా పోల్చలేము. అయినా ఊరూరా మైకులతో హెచ్చరించే స్వచ్ఛంద కార్యకర్తలు, ఎత్తైన ఆశ్రయ భవనాలు ఎన్నో ప్రాణాలు నిలిపాయన్నది నిజం. గొడ్డూగోదను వదిలి రాలేక ఇళ్లలోనే ఉండిపోయేవారి కోసం అక్కడ పశువులకూ ఎత్తైన మట్టిదిబ్బలు కట్టారు. నన్నడిగితే, ప్రజల మనసెరిగి చేసిన పని అంటే అదే.

కొండచరియలు పదేపదే విరిగిపడే చోట, బురద ప్రవాహాల దారిలో నివాసాన్ని మాన్పించక తప్పదు. అప్పుడు ఇంటి స్థలంతోపాటు సాగుభూమో, చేయగలిగిన పనో కూడా ఇవ్వాలి. లేకపోతే వెళ్లినవారు తిరిగి వస్తారు.