టోక్యో నుంచి క్యోటో: జేబు చూసుకుని రైలెక్కండి

ఏప్రిల్ మొదట్లో టోక్యో వచ్చి ఉద్యోగంలో చేరినవాళ్లు మూడో వారానికల్లా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "అన్నయ్యా, నెలాఖరున వరుస సెలవులున్నాయి కదా! క్యోటో, ఒసాకా, నారా, హిరోషిమా చూసి రావడానికి ఎంతవుతుంది? ఆ రైల్ పాస్ ఎక్కడ కొనాలి?" పద్నాలుగేళ్లుగా టోక్యోలోని నిషికసాయిలో ఉంటున్నాను కాబట్టి నాకు అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. ఆ ప్రశ్నలో రెండు చిక్కులున్నాయి. ఒకటి సెలవులు, రెండోది పాస్.

పాస్ సంగతి ముందు తేల్చేద్దాం. ఒకసారి కొంటే కొన్ని రోజులపాటు రైళ్లు ఎక్కుతూ దిగుతూ తిరగనిచ్చే జపాన్ రైల్ పాస్ గురించి ఇండియా నుంచి చూడడానికి వచ్చి వెళ్లిన చుట్టాలు గొప్పగా చెబుతారు. అది మీకు ఇవ్వరు. పాస్‌పోర్టులో తాత్కాలిక సందర్శకుడనే ముద్ర ఉన్నవాళ్లకే అది. మీరు ఇక్కడ ఉద్యోగం చేస్తూ రెసిడెన్స్ కార్డు పట్టుకుని తిరిగేవాళ్లు. నేను వచ్చిన ఏడాది ఈ ముక్క తెలియక, హైదరాబాదులో ఉన్న మా బావమరిది చేత వోచరు కొనిపించి తెప్పించుకున్నాను. స్టేషన్ కౌంటరులోని అమ్మాయి నా పాస్‌పోర్టు రెండుసార్లు తిరగేసి చూసి, మూడుసార్లు తల వంచి క్షమించమని అడిగి, వోచరు నా చేతిలో పెట్టేసింది. పొరపాటు నాది, క్షమాపణ ఆవిడది. ఈ దేశంలో ఇలాంటివి మీకూ అలవాటవుతాయి.

పాస్ దొరకలేదని దిగులు పడకండి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000కు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు నొజోమి అనే అతివేగపు బుల్లెట్ రైలులో రిజర్వుడు సీటు సుమారు 14 వేల యెన్లు, రానూపోనూ 28 వేలు. అటునుంచి హిరోషిమా వరకు వెళ్లి తిరిగి టోక్యో వచ్చినా లెక్క 50 వేలు దాటదు. పైగా పాస్ ఉన్నవాళ్లు నొజోమి ఎక్కాలంటే అదనంగా చెల్లించాలి. ఇంకా అందరికీ పాస్ కొనమని సలహా ఇస్తున్నవాళ్లు పాత ధరల రోజుల్లోనే ఉండిపోయారు.

ఇక సెలవులు. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు వచ్చే గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో పితృదేవతల పండుగ ఓబోన్, కొత్త సంవత్సరం. ఈ మూడుసార్లూ జపాన్ మొత్తం ఒకేసారి రైలెక్కుతుంది. మన సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వైపు బస్సు దొరికించుకున్న అనుభవం మీకుంటే ఇంకేమీ వివరించక్కర్లేదు. తేడా అల్లా ఇక్కడ తోసుకోరు, వరుసలో నిలబడతారు. ఆ రోజుల్లో నొజోమి రైళ్లలో రిజర్వేషన్ లేని పెట్టెలు ఉండవు. హోటల్ గది మామూలు ధరకు రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. చెర్రీ పూలు పూసే మార్చి చివర, ఆకులు ఎర్రబారే నవంబరు చివర క్యోటోదీ ఇదే కథ.

కొత్తవాళ్లకు మరో ఇబ్బంది ఉందని నాకు తెలుసు. చట్టం ప్రకారం పది రోజుల వేతన సెలవు ఆరు నెలలు పనిచేశాకే వస్తుంది. ఏప్రిల్‌లో చేరినవాళ్లకు అక్టోబరు దాకా చేతిలో సెలవులు ఉండకపోవచ్చు. అందుకే నా మాట వినేవాళ్లకు గోల్డెన్ వీక్‌లో టోక్యోలోనే తిరగమంటాను. షింజుకులో టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు నుంచి ఊరంతా ఉచితంగా చూడవచ్చు. అసకుసా గుడికీ, మెయిజీ మందిరానికీ టికెట్ లేదు. క్యోటో ప్రయాణం అక్టోబరు మధ్యకో, డిసెంబరు మొదటి వారం దాటాకో పెట్టుకోండి. చలికి భయపడకపోతే జనవరి చివర నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికన్నా చవక.

డబ్బు ఎక్కడ కారిపోతుందో చెబుతాను. నాలుగు రాత్రులకు నాలుగు ఊళ్లలో నాలుగు హోటళ్లు తీసుకుంటారు. ప్రతి ఉదయం పెట్టె సర్దడం, లాకరు వెతకడం, మధ్యాహ్నం మూడింటిదాకా గది తాళం ఇవ్వరని లాబీలో కూర్చోవడం. ఒసాకాలో ఒక్క గది తీసుకుని నాలుగు రాత్రులూ అక్కడే పడుకోండి. ఒసాకా నుంచి క్యోటోకు జేఆర్ (జపాన్ రైల్వే) వేగవంతమైన మామూలు రైలులో అరగంట ప్రయాణం, టికెట్ 600 యెన్ల లోపు. ఒసాకాలోని ఉమెదా స్టేషన్ నుంచి హాన్క్యూ అనే ప్రైవేటు కంపెనీ రైలెక్కితే ఇంకా తక్కువ. ఒసాకాలోనే ఉన్న నాంబా నుంచి నారాకు కింతెత్సు అనే మరో ప్రైవేటు రైలులో 700 లోపే. ఒసాకా నుంచి క్యోటోకు కూడా బుల్లెట్ రైలు టికెట్ కొనేవాళ్లను చూశాను. క్యోటోలో పొద్దున్నే గుడి మెట్లు ఎక్కాలన్న ఆశ ఉన్నవాళ్లు మాత్రం ఒక రాత్రి అక్కడ పడుకోండి. అక్కడి ఫుషిమి ఇనారి మందిరం రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది, ప్రవేశం ఉచితం. ఉదయం ఆరు గంటలకు ఆ ఎర్ర తోరణాల కింద మీరూ, రెండు పిల్లులూ తప్ప ఎవరూ ఉండరు.

ఒంటరిగా ఉండి, నడుము గట్టిగా ఉన్నవాళ్లకు రాత్రి బస్సు ఉంది. టోక్యో నుంచి ఒసాకాకు ఎనిమిది గంటల పైచిలుకు. రోజునుబట్టి, సీటునుబట్టి నాలుగు వేల నుంచి పది వేల యెన్ల దాకా. ఒక రాత్రి గది ఖర్చు కూడా కలిసొస్తుంది. పగలు కిటికీ పక్కన కూర్చుని పల్లెలు చూస్తూ వెళ్లాలనుకుంటే, విద్యార్థుల సెలవుల కాలాల్లో అమ్మే సెయ్‌షున్ 18 టికెట్ మనకూ ఇస్తారు, వయసు పట్టింపు లేదు. మామూలు రైళ్లే ఎక్కాలి, నాలుగైదు చోట్ల మారుతూ క్యోటో చేరేసరికి తొమ్మిది గంటలు పడుతుంది. ఇదివరకు ఒకే టికెట్‌ను ఐదుగురు స్నేహితులు పంచుకునేవాళ్లు. 2024 చలికాలం నుంచి అది కుదరదు. ఒక్కరే వరుసగా మూడు రోజులు వాడితే 10,000, ఐదు రోజులు వాడితే 12,050. హాస్టల్లో మంచం, కొన్బినిలో, అంటే వీధి చివరి చిన్న దుకాణంలో భోజనం పెట్టుకుంటే నాలుగు రాత్రుల ప్రయాణం 45 వేల యెన్లలో ముగించినవాడు మా ఆఫీసులోనే ఉన్నాడు. వచ్చాక రెండు రోజులు మెడ తిప్పలేకపోయాడనుకోండి.

భార్యాభర్తలు, ఒక బిడ్డ ఉంటే రాత్రి బస్సు మాట మరిచిపోండి. ఆరేళ్ల లోపు పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే బుల్లెట్ రైలులో టికెట్ అక్కర్లేదు. ఆరు నుంచి పదకొండేళ్ల వరకు సగం. సీట్లు స్మార్ట్ ఈఎక్స్ యాప్‌లో ముందుగా తీసుకుంటే కొన్ని రాయితీలు దొరుకుతాయి. తొందర లేకపోతే అన్ని స్టేషన్లలో ఆగే కొదామా రైలుకు ముందే అమ్మే తగ్గింపు టికెట్ ఉంది. గంటన్నర ఎక్కువ పట్టినా మనిషికి రెండు మూడు వేలు మిగులుతాయి. హోటల్ దగ్గర ఒక జాగ్రత్త. ఇక్కడ చాలాచోట్ల ధర గదికి కాదు, మనిషికి. ఒక్కరికని వెతికి ముగ్గురు దిగితే కౌంటరు దగ్గర మాట పడాల్సివస్తుంది. ముగ్గురికీ అన్నీ కలిపి ఐదు రోజులకు లక్షా ఎనభై వేల యెన్ల దాకా అనుకోండి. అందులో రైలుకే డెబ్భై వేలు.

శాకాహారుల బాధ వేరు. కూరగాయలే కదా అనుకున్న నూడుల్స్ పులుసులోనూ, అమాయకంగా కనిపించే మిసో సూపులోనూ దాషి ఉంటుంది, అంటే ఎండు చేపల రసం. మాంసం లేదా అని అడిగితే లేదనే చెబుతారు, చేపను వాళ్లు మాంసం కింద లెక్కవేయరు. "దాషి కూడా వద్దు" అన్న వాక్యాన్ని జపనీసులో రాయించి ఫోనులో పెట్టుకోండి. క్యోటోలో గుళ్ల సంప్రదాయపు శాకాహార భోజనం షోజిన్ ర్యోరి ఒక్కపూటైనా తినండి, ఖరీదే అయినా విలువైనది. మిగతా పూటలకు మా ఇంట్లో ఏర్పాటు పులిహోర. బుల్లెట్ రైలులో అందరూ భోజనం డబ్బాలు విప్పుతారు కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఆవకాయ సీసా మాత్రం తెరవకండి, పెట్టె మొత్తానికి తెలిసిపోతుంది. ఊళ్లో తిరిగే లోకల్ రైళ్లలో అసలు ఏమీ తినరు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు లెక్క మారుతుంది. వాళ్లు సందర్శకులు కాబట్టి పాసులు వాళ్లకు చెల్లుతాయి. హిరోషిమా చూపించాలనుకుంటే ఐదు రోజుల కన్సాయి-హిరోషిమా పాస్ చూడండి (కన్సాయి అంటే ఒసాకా, క్యోటో, నారా ఉన్న ప్రాంతం). 2023 చివరి ధర 17,000 యెన్లు, ఒసాకా నుంచి రానూపోనూ టికెట్ కన్నా తక్కువే. వాళ్లు పాస్‌తో, మీరు టికెట్‌తో ఒకే రైలెక్కుతారు. పెద్ద పెట్టెలు ముందురోజే కొరియరులో హోటలుకు పంపేయండి. విమానంలో అనుమతించే పెట్టె రైలులోనూ ఎక్కుతుంది గానీ, స్టేషన్లో లిఫ్టు ఎక్కడో మూలన ఉంటుంది. క్యోటోలో నలుగురు బస్సెక్కితే 920 యెన్లు, నిలబడే ప్రయాణం. దగ్గరి దూరాలకు టాక్సీ ఇంతకు కాస్త పైన. మోకాళ్ల నొప్పులున్న మనిషి పక్కనుంటే ఆ తేడా లెక్కపెట్టకండి. ర్యోకన్‌లో, అంటే జపాన్ సంప్రదాయపు సత్రంలో, ఒక్క రాత్రి చాలు. రాత్రి భోజనం అంతా చేపలే కాబట్టి భోజనం లేని గది, సుదోమారి అని అడగండి. వేడినీటి కొలనులో అందరిముందూ బట్టలు లేకుండా దిగాలని తెలిసి మా అమ్మ పెట్టిన ముఖం చూశాక, విడిగా స్నానపుగది ఉన్నచోటే తీసుకోవాలని నేర్చుకున్నాను.

అమ్మకు అన్నిటికన్నా నచ్చింది క్యోటోలోని సంజూసంగెన్‌దో అనే బౌద్ధాలయం. కన్నోన్ అనే బోధిసత్వుడి వెయ్యిన్నొక్క విగ్రహాల ముందు వరుసలో కరురా అన్న రెక్కల దేవుడి దగ్గర ఆగి, "మన గరుత్మంతుడేరా" అంది. నిజమే, ఆయనే. అదే వరుసలో ఇంద్రుడు, బ్రహ్మ కూడా. నారా మహాబుద్ధుడికి 752లో కన్నులు తెరిచే క్రతువు చేసింది కూడా ఇండియా నుంచి వచ్చిన బోధిసేనుడే. ఆచార్య నాగార్జునుడిని ఇక్కడి బౌద్ధులు ర్యూజు అని పిలుస్తారని చెబితే, మాచర్ల పక్క ఊరివాడైన నాన్న మిగతా ప్రయాణమంతా ఆ పేరే పలుకుతూ ఉన్నాడు.

బుల్లెట్ రైలులో సీటు తీసుకునేటప్పుడు ఇంగ్లిషు అక్షరం E ఉన్న కిటికీ సీటు అడగండి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఫూజీ కొండ అటువైపే కనిపిస్తుంది, టోక్యో వదిలిన ముప్పావుగంటకు. చలికాలంలో అవకాశం ఎక్కువ. మబ్బు పడితే మాత్రం డబ్బు వాపసు లేదు.